నైరుతి కిటికీ

పాలు తూర్పుకి పొంగాలని సుమంత్ నన్ను తీసుకెళ్ళి తూర్పు గోడకి ఆనించి నిలబెట్టాడు. తనూ వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. మా ఇద్దరి బరువుకి పడవ ఓ వేలెడంత ఒరిగిందేమో, గిన్నెలో పాలు బుద్ధిగా తూర్పు అంచు మీదుగానే పొంగి పొయ్యి మీద పడ్డాయి.

"చూసినవా ప్రవీణా," అన్నాడు, ఆ పాలు వాటంతట అవే పొంగినట్టు.

కార్ల బ్రేకులు ఎప్పుడు ఎంత పడాలో లెక్కలు కట్టే ఇంజినీరు నా మొగుడు. అలాంటి మనిషి పాలని మోసం చేసి శుభం రాబట్టుకోవడం చూస్తే నాకు నవ్వాగలేదు. నవ్వి చాలా కాలమైందని నవ్విన తర్వాత గుర్తొచ్చింది. పొయ్యి తుడిచేశాను.

అది కార్తీకమాసంలో, బెర్లిన్‌లో, నీళ్ళ మీద మా గృహప్రవేశం.

నగరానికి తూర్పు వైపున, ఎస్-బాన్ రైలు దిగి కాస్త నడిస్తే ఓ సరస్సు ఉంది. ఒక ఒడ్డున కొత్త అపార్ట్‌మెంట్లు, ఇంకో ఒడ్డున మూతపడిన ఇటుకల కట్టడం ఏదో. ఆ ఒడ్డు నుంచి నీళ్ళ మీదికి ఒక పొడవాటి చెక్కదారి వేశారు. దానికి రెండు వైపులా పడవ ఇళ్ళు తాళ్ళతో కట్టి ఉంటాయి. పడవంటే ఊళ్ళు తిరిగేది కాదు. నీటి మీద తేలే ఒక బల్లకట్టు, దాని మీద ఒక చెక్క గది, అందులో కట్టెల పొయ్యి, వంటగట్టు, మంచం, కప్పు మీద సోలార్ పలకలు. అన్నిటికన్నా చివరిది మాది. నేను పుట్టింది పాలమూరులో. మా వీధిలోకి నీళ్ళ ట్యాంకర్ వచ్చిన రోజే మాకు పండగ. నాకు ఈత కూడా రాదు. అలాంటిదాన్ని నీళ్ళ మీద కాపురం పెడతానని పట్టుబట్టాను.

ఎందుకో చెప్పాలి. రెండుసార్లు నా కడుపు నిలవలేదు. మొదటిసారి అయిదో నెలలో పోయింది, రెండోసారి మూడో నెలలో. ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ అంది. ఎవరి తప్పూ లేదంటే మనవాళ్ళకి మనసొప్పదు. సుమంత్ వాళ్ళ ఊరి సిద్ధాంతి అనంతరామయ్య గారు ఫోన్లో మా ఫ్లాట్ వీడియో చూసి, గుమ్మం నైరుతిలో ఉంది, అదే దోషం అన్నారు. ఫ్లాట్ మారాం. రెండోది కూడా పోయాక మళ్ళీ వీడియో పంపితే, ఈ ఇల్లూ అంతేనన్నారు. నా కడుపులో జరిగినదానికి తలుపు జవాబు చెప్పాలట. నాకు ఒళ్ళు మండిపోయేది. సుమంత్ ఆ బిడ్డల గురించి ఎన్నడూ నోరు విప్పలేదు. "అది", "అప్పుడు", "ఆ సంగతి" అనేవాడు. ఫోన్లో దిక్సూచి పట్టుకుని గదులన్నీ తిరగడానికి మాత్రం ఓపిక ఉండేది.

నాకు నిద్ర దూరమైంది. మందులు మింగినా తెల్లవార్లూ కప్పు చూస్తూ పడుకునేదాన్ని. అలాంటి రోజుల్లోనే ఒక వేసవి మధ్యాహ్నం ఇద్దరం సరస్సు పక్కన నడుస్తుంటే, చెక్కదారి చివర పడవకి 'అమ్మకానికి' అని అట్ట కట్టి ఉంది. మాన్‌ఫ్రెడ్ అనే పెద్దాయన లోపలికి రమ్మని చూపించాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. నీటి మీది ఎండ కప్పు మీద పడి సన్నగా కదులుతోంది. తాళ్ళు ఎక్కడో కిర్రుమంటున్నాయి. నేల నన్ను ఇటోసారి అటోసారి జోకొడుతున్నట్టుంది. నేను ఎప్పుడు కళ్ళు మూశానో తెలియదు. లేచేసరికి ఎండ వాలిపోయింది, నా మీద ఎవరిదో దుప్పటి ఉంది, వాళ్ళిద్దరూ బయట మెట్టు మీద కూర్చుని గొంతు తగ్గించుకుని మాట్లాడుకుంటున్నారు.

"ఇది కొందాం," అన్నాను.

సుమంత్ నా మొహం చూశాడు. నిద్రపోయి లేచిన నా మొహం చూసి ఎన్నాళ్ళయిందో. "కొందాం," అన్నాడు. దిక్సూచి తీయలేదు ఆ పూట.

అయితే పడవ కొనడం వేరు, అది నిలిచే చోటు దక్కడం వేరు. చోటు అక్కడి పడవలవాళ్ళ సంఘానిది. వేసవిలో నీళ్ళంటే ఎవరికైనా ముద్దే, ఒక చలికాలం ఉండి చూపించండి, అన్నారు. చలికాలం చివర సభ పెడతారు. కొత్తవాళ్ళు ఉండొచ్చో లేదో ప్రతి ఒక్కరూ లేచి నోటితో చెప్తారు. ఒక్కరు కాదన్నా తాళ్ళు విప్పుకుని పోవాలి. పోవడానికి ఇంకో చోటంటూ మాకు లేదు. బెర్లిన్ నీళ్ళలో ఎక్కడ పడితే అక్కడ పడవ కట్టుకోనివ్వరు. ఫ్లాట్ అప్పటికే ఖాళీ చేసేశాం, ఈ ఊళ్ళో ఒకసారి వదిలిన ఫ్లాట్ మళ్ళీ దొరకడం కల్ల. వీటన్నిటినీ మించి, నాకు నిద్ర దొరికిన చోటు భూమ్మీద అదొక్కటే. ఇక్కణ్ణుంచి నన్ను పొమ్మనకుండా ఉంటే చాలు అన్నదే ఆ చలికాలమంతా నా ధ్యాస.

మొదట్లో అన్నీ తికమకలే. "ఆన్‌మెల్డుంగ్‌కి టెర్మిన్ దొరికింది గని, అడ్రస్ ఏమని రాయాలె?" అని, సర్కారు ఆఫీసులో చిరునామా నమోదుకి తారీఖు దొరికిన రోజు సుమంత్ తల గోక్కున్నాడు. ఆఖరి పడవ అని రాయమన్నాను. అన్నం కుక్కరూ హీటరూ ఒకేసారి పెడితే చెక్కదారి మొత్తం కరెంటు పోయింది. సంఘం పెద్ద ఎకార్ట్ టార్చి పట్టుకుని వచ్చాడు. వడ్రంగి పని చేసే మనిషి, ఎత్తుగా, వేళ్ళన్నీ దెబ్బలతో ఉంటాడు. కోప్పడలేదు. ఒకటి ఉడికాక ఇంకోటి పెట్టుకోమని చెప్పి, ఉడుకుతున్నదేమిటో అడిగి, గిన్నెడు పప్పు తీసుకుని వెళ్ళాడు.

మా పక్క పడవ గుడ్రున్‌ది. డెబ్భై దాటిన ఒంటరి మనిషి. ట్రామ్ నడిపి రిటైరైంది. మాటలు పొదుపు. పొద్దున కనబడితే తలాడిస్తుంది, అంతే. చెక్కదారికి అటు వైపు, సరిగ్గా మా గుమ్మం ఎదురుగా ఆమె గుమ్మం. మాన్‌ఫ్రెడ్ ఉన్న రోజుల్లో ఇద్దరూ ఎలా ఉండేవారో మాకు తెలియదు, మేం అడగలేదు.

నేను మాత్రం నిద్రపోయాను. పొద్దున్నే పొగమంచు ఎంత దట్టంగా ఉండేదంటే, కిటికీలోంచి చూస్తే ఒడ్డు లేదు, నగరం లేదు, నీళ్ళూ లేవు. మేమిద్దరం, కాఫీ, ఎక్కడో ఒక నీటికోడి కూత, అంతే. ఏ కలలోంచి ఏ కలలోకి లేచానో తెలిసేది కాదు. కలల్లో కూడా నేల కదిలేది. మా పాలమూరు ఇల్లు కలలోకి వస్తే అదీ మెల్లగా ఒరిగేది.

సుమంత్ ఆగలేకపోయాడు. పడవ వీడియో అనంతరామయ్య గారికి పంపాడు. జవాబు వచ్చిన రోజు వాడి మొహం చూసే అర్థమైంది.

"నైరుతేనా?" అన్నాను.

"నైరుతే."

 వాడు పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఒక్కొక్కటే పెడుతున్నాడు. కాసేపటికి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ప్రవీణా. గీ ఇల్లు తిరుగుతది గద."

నాకు వెంటనే తట్టలేదు.

"తాళ్ళు ఇప్పి అటు తిప్పి కడితే సరి. నైరుతి గుమ్మం ఈశాన్యం అయితది. ఏ ఇంటోళ్ళకూ లేదు గీ అదృష్టం."

వాడి కళ్ళలో ఆ వెలుగు చూసి వద్దనలేకపోయాను. నిజం చెప్పాలంటే నాక్కూడా ఆశ పుట్టింది. అటు తిప్పితే గుమ్మం తెరవగానే సరస్సు. ఎదురుగా ఎవరి మొహమూ ఉండదు, తలాడించక్కర్లేదు, నవ్వక్కర్లేదు.

ధనుర్మాసం వచ్చేస్తే మంచి రోజులుండవని మార్గశిరంలోనే ముహూర్తం పెట్టించాడు. పనిరోజు పొద్దున, చెక్కదారి మీద ఎవరూ లేని వేళ. గాలి లేదు. ఒక మూల తాడు ఉంచి మిగతావి విప్పాం. వాడు గెడకర్రతో నెట్టాడు, నేను తాడు పట్టుకుని చెక్కదారి మీద నడిచాను. అంత పెద్ద ఇల్లు, పొయ్యిలో నిప్పుతో, గట్టు మీద పులిహోరతో, పొగమంచులో చప్పుడు లేకుండా తిరిగింది. ఒళ్ళో పసిబిడ్డ పక్కకి ఒత్తిగిల్లినట్టు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకొచ్చిందో సుమంత్‌కి చెప్పలేదు. గుడ్రున్ తన గుమ్మంలో నిలబడి మొదటినుంచీ చివరిదాకా చూసింది. ఏమీ అడగలేదు. అడగకపోవడం ఇక్కడి మర్యాద కాబోలనుకున్నాను.

ఇప్పుడు నైరుతిలో, అంటే చెక్కదారి వైపూ గుడ్రున్ వైపూ, కిటికీ కూడా లేని మా వెనక గోడ. సిద్ధాంతి గారు సంతోషించారు. నైరుతి మూసి ఉండాలి, బరువుండాలి అన్నారు. మంచం, బీరువా అటు జరిపాం. ఇంట్లోకి రావాలంటే పక్క అంచు పట్టుకుని సన్నటి పలక మీద నడిచి అవతలికి వెళ్ళాలి. నాకది కష్టమనిపించలేదు. గుమ్మం తెరిచి మెట్టు మీద కూర్చుంటే ముందంతా నీళ్ళే. తెల్లవారే ముందు నీళ్ళకి రంగుండదు. తర్వాత బూడిద రంగు, తర్వాత ఎక్కడో లోపల్నుంచి వచ్చినట్టు లేత గులాబీ. రోజూ అదే చూస్తూ చలికి కాళ్ళు కొంకర్లు పోయేదాకా కూర్చునేదాన్ని.

సంక్రాంతి ఇంకా రాకముందే చలి ముదిరి సరస్సు గడ్డకట్టింది. ముందు ఒడ్డున పల్చటి పొర. ఒక రాత్రి గడిచేసరికి మా చుట్టూ గట్టి మంచు. పడవ ఊగడం మానేసింది. ఊగని పడవలో నిద్ర పడుతుందా అని భయపడ్డాను గానీ, మంచు పాడేది. దూరంగా ఎక్కడో బిగిసి, పగిలి, ఆ చప్పుడు అడుగునుంచి మా మంచం దాకా సన్నగా వచ్చేది. నీళ్ళ పైపులు గడ్డకడితే మంచు కరిగించి బియ్యం కడిగాను. అవన్నీ నాకు ఆటలాగే ఉండేవి.

ఆట కానిది ఒకటుంది. మనుషులు మారారు. చెక్కదారి మీద ఎదురైతే అంతకుముందు రెండు మాటలు మాట్లాడేవాళ్ళు ఇప్పుడు ఒక్క మాటతో సరిపెడుతున్నారు. ఎకార్ట్ పప్పు కోసం రావడం మానేశాడు. తర్వాత మంచు మీద అడుగులు కనబడ్డాయి.

ప్రతి పొద్దునా మా పడవ చుట్టూ మంచుపొడి మీద బూట్ల జాడలు. గుడ్రున్ పడవ దగ్గర మొదలై, మా పక్కగా వచ్చి, మా గుమ్మానికి కొంచెం దూరంలో ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళేవి. ఎవరో మమ్మల్ని పొంచి చూస్తున్నారు.

"సభలో చెప్పనీకి ఏమైనా దొరుకుతదా అని చూస్తుందేమో ముసలామె," అన్నాను. నాకు కోపం వస్తే మా ఊరి మాట వచ్చేస్తుంది.

"ఊకో. మనకెందుకు," అన్నాడు సుమంత్. వాడికి గొడవంటే భయం.

నాకు లేదు. మర్నాడు చీకటుండగానే లేచి, దీపం వెయ్యకుండా గుమ్మం వెనక కాచుకున్నాను. ఉలెన్ టోపీ, చేతికర్ర, మెల్లగా మంచు తడుముకుంటూ గుడ్రున్ వచ్చింది. తలుపు తెరిచి ఎదురుగా నిలబడ్డాను.

"ఏం చూస్తున్నారు?" అన్నాను. నా జర్మన్‌లో మర్యాద అంతంతే, ఆ పూట అదీ లేదు.

ఆమె బెదరలేదు. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "పొగ," అంది. మా చిమ్నీ చూపించింది. తర్వాత తల ఒకసారి ఆడించి వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇదేం మనిషని రోజంతా గొణుక్కున్నాను. సాయంత్రం ఎకార్ట్ కట్టెల మోపు లాక్కుంటూ వచ్చి మా వెనక గోడ మీద కొట్టాడు. లోపలికి రమ్మంటే రాలేదు. పలక మీదే నిలబడి, నేల చూస్తూ చెప్పాడు.

"మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఇది మేమెక్కడా రాసుకోలేదు. ఇక్కడ అందరి గుమ్మాలూ చెక్కదారి వైపే ఉంటాయి. పొద్దున లేవగానే పరదా తీస్తాం. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ పరదా చూస్తారు. కట్టెల పొయ్యి ఉన్న పడవల్లో చలికాలం విషవాయువు పీల్చి నిద్రలోనే పోయేవాళ్ళుంటారు. చాలా ఏళ్ళ కిందట ఒకాయన అలాగే పోతే రెండో రోజుదాకా ఎవరికీ తెలియలేదు. అప్పట్నుంచి ఇలా చూసుకుంటున్నాం. మాన్‌ఫ్రెడ్ పరదా చూడందే గుడ్రున్ కాఫీ తాగేది కాదు. మీరు గోడ ఇటు తిప్పేశారు."

"పొగ చూస్తే సరిపోతుందా?" అన్నాను.

"పొగ కదిలితే ఎవరో లేచి కట్టె వేశారని లెక్క. మీ పొగగొట్టం అటు వైపు పోయింది, ఈ సన్నటి పలక మీద ఆమె నడవలేదు, అందుకే మంచు మీంచి చుట్టి వస్తోంది." కట్టెల మోపు మా గోడకి ఆనించి అన్నాడు: "మీరు మాకు వీపు పెట్టారని కొందరనుకుంటున్నారు. నాకైతే మీ పప్పు ఇష్టం. కానీ సభలో నాది ఒక్క ఓటే."

ఎకార్ట్ వెళ్ళాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మేం చచ్చామా బతికామా అని ఒక ముసలావిడ రోజూ మంచు మీద నడిచి వచ్చి చూసి పోతోంటే, నేను ఆమెని దొంగలా పట్టుకున్నాను. మంచు కరగ్గానే పడవ మళ్ళీ తిప్పేద్దామన్నాను. సుమంత్ ఫోన్లో దిక్సూచి తెరిచాడు. అంటే ఒప్పుకోనట్టే అని నాకు తెలుసు. గుమ్మం నైరుతికి తిప్పడమంటే వాడికి ఏమిటో కూడా తెలుసు. నా చెయ్యి పట్టుకుని నిప్పుల్లోకి నడవడంతో సమానం.

తిప్పాలన్నా తిప్పలేం. పడవ చుట్టూ మంచు బిగిసే ఉంది. కానీ గాలి మారింది. కప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి. మంచు మీద నీటి మడుగులు కట్టాయి. పడవని వదిలేటంత మెత్తబడలేదు, మనిషిని మోసేటంత గట్టిగానూ లేదు. నేను గుడ్రున్ దగ్గరికి వెళ్ళి, తప్పయిందని చెప్పి, ఇంక రావద్దని బతిమాలాను. ఫోన్ చేస్తానన్నాను. మా ఇంట్లో ఆ వాయువుకి మోగే మంచి అలారం ఉందన్నాను.

"చూడందే నాకు కాఫీ దిగదు," అంది. నాకూ ఒక కప్పు పోసి ఇచ్చింది. "మీ దేశంలో పక్కింటివాళ్ళని చూసుకోరా?"

చూసుకుంటారని ఏ మొహంతో చెప్పను. కాఫీ తాగి వచ్చేశాను.

మర్నాడు పొద్దున అడుగుల జాడ మళ్ళీ ఉంది. ఒక చోట బూటు మడమ లోపలికి దిగి గుంట పడింది. గుంటలో నల్లటి నీళ్ళున్నాయి. సుమంత్ ఆ గుంట దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ఆఫీసుకి సెలవు పెట్టి, చెక్కదారి మీద ఎకార్ట్ దగ్గరికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి ఒక పాత కిటికీ మోసుకొస్తున్నారు. రంపం ఎకార్ట్ భుజం మీద ఉంది.

మంచం, బీరువా ఇవతలికి లాగేశారు. సుమంత్ పెన్సిల్‌తో గోడ మీద గీత గీశాడు. అది నైరుతి గోడ. మూసి ఉండాల్సిన గోడ. దానికోసమే కదా ఇల్లంతా తిప్పింది.

"సిద్ధాంతి గారికి చెప్పవా?" అన్నాను. వెటకారంగానే.

"ఆయన రాడు గద గీ మంచు మీద నడువనీకి," అన్నాడు.

రంపం ఎకార్ట్ చేతిలోంచి తనే తీసుకున్నాడు. కీబోర్డు తప్ప ఏదీ పట్టని చేతులు. సగం కోసేసరికి అరచేతులు పొక్కిపోయాయి, అయినా ఇవ్వలేదు. చెక్కముక్క బయటికి పడిపోగానే ఆ కంతలోంచి చలిగాలి దూసుకొచ్చి, కాగితాలన్నీ లేపి, మా మంచం మీద మంచుపొడి చల్లింది. కంతకి అవతల గుడ్రున్ గుమ్మం. గుమ్మంలో గుడ్రున్. నలుగురం ఒకరినొకరం చూసుకున్నాం.  ఎకార్ట్ కిటికీ బిగించేశాడు, నేను నా పాత కాటన్ చీర ఒకటి చింపి పరదా కుట్టాను. మర్నాటినుంచి మంచు మీద అడుగులు లేవు.

సభ మంచు పూర్తిగా పోకముందే వచ్చింది. ఒడ్డున సంఘం వాళ్ళ చెక్క షెడ్డులో, మధ్యలో పొయ్యి, చుట్టూ బెంచీలు. ఒడ్డున చెట్లకింకా ఆకుల్లేవు. కిటికీలోంచి చూస్తే సరస్సు సగం నలుపు, సగం తెలుపు.  ఆ పూట వీళ్ళు వద్దంటే నా నిద్ర కూడా అక్కడే వదిలేసి పోవాలి. ఎకార్ట్ ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. అవును. అవును. ఒకాయన కాసేపు గడ్డం రుద్దుకుని, కిటికీ పెట్టారు కదా, అవును అన్నాడు. మా పక్క పడవ కాబట్టి గుడ్రున్ వంతు ఆఖరున.

 కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని సుమంత్ వైపు తిరిగింది.

"మొదట నేనొకటి అడగాలి. ఇల్లు ఎందుకు తిప్పారు? తిప్పినవాళ్ళు మళ్ళీ గోడ ఎందుకు కోశారు?"

సుమంత్ లేచాడు. ఆఫీసులో అంతా ఇంగ్లీషే, వాడి జర్మన్ పరీక్ష కోసం నేర్చుకున్న జర్మన్. మాట మాట వెతుక్కుంటూ చెప్పాడు.

"కోసింది మీరు మంచులో పడిపోతారని. తిప్పింది..." ఆగాడు. "మా దగ్గర ఇంటి గుమ్మానికి దిక్కు చూస్తారు. మంచి దిక్కు, చెడ్డ దిక్కు..." మళ్ళీ ఆగాడు. నేను సాయం చెయ్యాలని లేవబోయాను. వాడు చేత్తో వద్దన్నాడు. పొయ్యిలో కట్టె చిటపటమంటోంది.

"మాకు ఇద్దరు పిల్లలు చనిపోయారు," అన్నాడు. "పుట్టకముందే. గుమ్మం దిక్కు తప్పని చెప్పారు. నమ్మాను. నమ్మకపోతే నేనింకేం చెయ్యాలో నాకు తెలియలేదు."

పిల్లలు. ఆ మాట వాడి నోట నేను వినడం అదే మొదలు. తెలుగులో ఒక్కసారి అనలేదు. నాతో పక్క మీద అనలేదు, ఆస్పత్రిలో అనలేదు, వాళ్ళమ్మతో అనలేదు. ఇంతమంది పరాయివాళ్ళ ముందు, సరిగ్గా పలకడం రాని భాషలో అన్నాడు. నాకు ముందు కోపమొచ్చింది. ఆ వెనకే కళ్ళు నిండిపోయి పొయ్యి కూడా మసకబారింది. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే పోగొట్టుకున్నానని అనుకుంటూ వచ్చాను.

గుడ్రున్ తల దించుకోలేదు. అయ్యో అనలేదు. "పేర్లు పెట్టారా?" అని అడిగింది.

"లేదు," అన్నాడు సుమంత్. "మా దగ్గర పుట్టకముందు పెట్టరు."

"నేను పెట్టాను," అన్నాను.

సుమంత్ నా వైపు తిరిగాడు.

"మొదటిదానికి. అమ్మాయని చెప్పారు కదా. హరిణి."

 గుడ్రున్ ఆ పేరు ఒకసారి లోపల్లోపలే అనుకున్నట్టు పెదాలు కదిపింది. తర్వాత ఎకార్ట్ వైపు చూసి, "నాది అవును," అంది. "పడవ మళ్ళీ తిప్పనక్కర్లేదు. నాకు ఆ కిటికీ చాలు."

అందరూ లేచి చేతులు కలిపారు. ఎవరో బీరు సీసాలు తెరిచారు. నాకు ఎవరేం మాట్లాడారో గుర్తులేదు. బయటికొచ్చేసరికి సాయంత్రపు పొగమంచు దిగుతోంది. చెక్కదారి ముందు కొంచెమే కనబడుతోంది, మేం నడిచేకొద్దీ ఇంకొంచెం కనబడుతోంది. కింద మంచు విడిపోయి, ముక్కలు ఒకదానికొకటి మెల్లగా తగులుతున్న చప్పుడు.

"హరిణి," అన్నాడు సుమంత్. నన్ను అడగడానికి కాదు, ఊరికే అన్నాడు. కాసేపటికి, "ఎప్పుడు పెట్టినవ్?" అన్నాడు.

"నువ్వు గుమ్మాలు కొలుస్తున్నప్పుడు."

  వాడు పొక్కులు మానని అరచెయ్యి నా చేతిలో పెట్టాడు. గుడ్రున్ పడవ దాటాక మళ్ళీ ఆగాడు.

"మరి ఇంకొకరికి?"

"పెట్టలేదు. మళ్ళీ పెడితే మళ్ళీ పోతుందేమోనని భయమైంది."

ఇంట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాం. పడవ చుట్టూ మంచు వదిలేసినట్టుంది, అడుగు వెయ్యగానే నేల కదిలింది. సుమంత్ స్వెట్టర్ కూడా తియ్యకుండా మంచం అంచున కూర్చుని నన్ను పిలిచాడు.

"రా ప్రవీణా. ఇద్దరం కలిసి పెడదాం."

వెళ్ళి పక్కన కూర్చున్నాను. మూడో నెలకి ఏ బిడ్డో తెలియదు కాబట్టి, ఒక అబ్బాయి పేరూ ఒక అమ్మాయి పేరూ అనుకున్నాం.